చచ్చిన కప్ప, ఎడమచేతి పాయింటు

మీరే చెప్పండి, కప్ప చచ్చిపోతే దాని మీద బండి ఎలా నడుస్తుంది? నవ్వకండి. మా ఊరి సిరిల్ హ్రికో ఈ మాట అడిగినప్పుడు మేవిస్ కొట్లో ఊలు కొంటున్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఇలాగే నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. కాఫీలో ఈగ పడ్డట్టు మొహం పెట్టాడు.

కప్ప సంగతి ముందు చెప్పేస్తాను, లేకపోతే మీకు ఆయన కోపం అర్థం కాదు. రైలు పట్టా రెండుగా చీలే చోటుని పాయింటు అంటారు కదా. ఆ పాయింటులో ఒక పట్టా ఇంకో పట్టాని దాటి పోయే చోట ఇనప దిమ్మ ఒకటి ఉంటుంది. పట్టాల పని చేసే గ్యాంగువాళ్ళు దాన్ని కప్ప అంటారు. గుర్రం డెక్కని తిరగేసి చూస్తే మధ్యలో అలాంటి ఆకారమే ఉంటుందనీ, గుర్రాలవాళ్ళు దాన్నీ కప్పే అంటారనీ, అక్కణ్ణుంచే పేరు వచ్చిందనీ సిరిల్ వాళ్ళ నాన్న చెప్పేవాడు. నిజం పట్టాల్లో అది నలుగురు పట్టినా లేవని ఉక్కు. బొమ్మ పట్టాల్లో, అందులోనూ చౌక రకాల్లో, దాన్ని ప్లాస్టిక్‌తో పోస్తారు. బొమ్మ ఇంజన్‌కి కరెంటు ఎక్కాల్సింది పట్టాల్లోంచే. ప్లాస్టిక్‌లో కరెంటు పారదు. నాలుగు చక్రాల చిన్న ఇంజన్ ఆ ముక్క మీదికి రాగానే ఊపిరి పోయినట్టు ఆగిపోతుంది. వేలు పెట్టి తొయ్యాలి. అదీ చచ్చిన కప్ప.

"ఇదేంటమ్మా మేవిస్, దువ్వెనలు చేసే ప్లాస్టిక్‌తో చేశారా దీన్ని?" అన్నాడు సిరిల్, ఆ పాయింటుని రెండు వేళ్ళతో చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని.

"అందరూ అదే పట్టుకెళ్తున్నారు సిరిల్ గారూ. ఎవరూ ఏమీ అనలేదు."

"అందరూ మురిక్కాలవ నీళ్ళు తాగితే నేనూ తాగాలా?"

"మీరు తాగద్దు. దాన్ని అక్కడ పెట్టెయ్యండి. వేలిముద్రలు పడుతున్నాయి."

మేవిస్ ఆగ్డెన్ అలాంటి మనిషి. గొంతు పెంచదు, మాట మిగల్చదు. ఆ కొట్టు ఆవిడ భర్త పెట్టింది. ఆయన పోయాక ఒక పక్క ఊలు ఉండలు పెట్టుకుంది, రెండో పక్క రైళ్ళు అలాగే ఉంచింది. మా ఊరు కోల్డర్ రన్ చుట్టూ కొండల్లో నలభై మైళ్ళు తిరిగినా బొమ్మ పట్టాలు దొరికే కొట్టు ఇంకోటి లేదు.

"లోహం కప్ప ఉన్నది లేదా?"

"ఉంది. ఆరో నంబరులో వస్తుంది. ఇక్కడ లేదు, తెప్పించాలి. ఇప్పుడు కొట్లో ఉన్నది ఇదొక్కటే. నాలుగో నంబరు, కుడిచేతిది."

ఉన్నది ఇదొక్కటే. సిరిల్ దాన్ని బల్ల మీద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఎందుకు వదల్లేకపోయాడో చెప్పాలంటే ఇరవయ్యొక్క ఏళ్ళు వెనక్కి పోవాలి.

సిరిల్ ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. వాళ్ళ నాన్న గ్యాంగ్‌మన్, ఈయనా గ్యాంగ్‌మనే. ముప్పై మూడేళ్ళు పెన్సిల్వేనియా కొండల మధ్య ఒకే ముక్క లైను మీద బతికాడు. ఆ లైను కాగితం మిల్లుకి పోయేది. చలికాలం వస్తే ఆయన పని పాయింట్లలో మంచు ఊడ్వడం, ఊడ్చాక కిరసనాయిలు దీపాలు పెట్టి మళ్ళీ గడ్డ కట్టకుండా చూడటం. ఆయన ఊడ్చిన పాయింటులో అన్నం పెట్టుకుని తినొచ్చు అనేవాళ్ళు తోటివాళ్ళు. నిజంగానే ఒకసారి ఎల్‌వుడ్ అనే బ్రేక్‌మన్ పందెం కాసి రొట్టె ముక్క దాని మీద పెట్టుకుని తిన్నాడు.

పాయింటుకి నంబరు ఉంటుంది. నంబరు చిన్నదైతే పట్టా చటుక్కున పక్కకి తిరుగుతుంది, కాస్త చోటు చాలు. నంబరు పెద్దదైతే మెల్లగా, పొడుగ్గా తిరుగుతుంది, చోటు ఎక్కువ తింటుంది, కానీ బండి హాయిగా పోతుంది. యాభై ఎనిమిదిలో మిల్లు దగ్గర పాత పాయింటు తీసి కొత్తది వేశారు. పొడుగు వ్యాగన్లు రాబోతున్నాయి, అక్కడ ఎనిమిదో నంబరు పడాలి. వేసింది ఐదు. అప్పుడు పైఅధికారి ఓరిన్ టీగ్. నున్నటి బూట్లు వేసుకుని కంకర మీద పిల్లిలా నడిచేవాడు.

సిరిల్ టోపీ తీసి చేతిలో పట్టుకుని మరీ చెప్పాడు. "సార్, ఐదు చాలదు సార్. పొడుగు వ్యాగన్‌ని వెనక నుంచి తోస్తే కప్ప దగ్గర చక్రం పట్టా ఎక్కేస్తుంది."

"నువ్వు ఊడిచే పని చూసుకో. నేను లెక్క చూశాను" అన్నాడు టీగ్.

జనవరిలో వ్యాగన్ పడింది. సరిగ్గా కప్ప దగ్గరే పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ, వ్యాగన్ వాగులోకి ఒరిగి, మిల్లుకి పోవాల్సిన గుజ్జంతా నీళ్ళల్లో కలిసి, కింద ఊళ్ళోవాళ్ళ కుళాయిల్లో వారం రోజులు తెల్లటి జిగురు వచ్చింది. విచారణ జరిగింది. పాయింటులో మంచు సరిగ్గా ఊడ్వలేదు అని రాశారు. సంతకం పెడితే ఐదు రోజులు జీతం లేకుండా ఇంట్లో కూర్చోవాలి, పెట్టకపోతే ముప్పై రోజులు. వ్యాగన్ పడిన పొద్దున ఊడిచి ఊడిచి సిరిల్ అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆ చేతులతోనే పెన్ను పట్టుకుని సంతకం పెట్టాడు.

ఆ తర్వాత రావాల్సిన మేస్త్రీ పని రాలేదు. వచ్చింది పేరు. ఐదు రోజుల సిరిల్. బార్లో, చర్చి మెట్ల మీద, మంగలి దగ్గర అదే పేరు. ఆయన భార్య వెర్నాని కూడా ఒకామె పొరపాటున "ఐదు రోజులావిడ" అనేసింది. టీగ్ మీద ఆయనకి అసహ్యం ఉంది, అది అందరికీ తెలుసు. ఆ సంతకం పెట్టిన తన చెయ్యి మీద కూడా ఉందని వెర్నాకి ఒక్కదానికే తెలుసు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో ఆ చెయ్యి కనబడితే "ఛీ" అనేవాడు.

రిటైరయ్యాడు. డెబ్భై ఏడులో మిల్లు మూసేశారు, లైను పీకేశారు. పట్టాలు తీసిన చోట ఇప్పుడు ముళ్ళకంపే. ఆ రోజు పీకేవాళ్ళని చూడ్డానికి ఊరంతా వెళ్ళింది, సిరిల్ వెళ్ళలేదు. ఇంట్లో స్నానాలగది తలుపు పాడైతే కొత్తది పెట్టి, పాత డొల్ల తలుపుని రెండు చెక్క స్టాండ్ల మీద పరుచుకుని, దాని మీద మిల్లు లైనుని బొమ్మగా కట్టడం మొదలెట్టాడు. వాగు, వంతెన, మిల్లు పొగగొట్టం. తలుపు పిడి ఉండే కన్నం ఎక్కడికి వచ్చిందో అక్కడ వాగులో సుడిగుండం చేశాడు.

"భోజనాల గదిలో స్నానాలగది తలుపు. మా అమ్మ చూస్తే నన్ను తన్నేది" అనేది వెర్నా.

"మీ అమ్మ నన్ను తన్నేది."

"నిన్నెందుకు తంతుంది, నువ్వంటే ఆవిడకి జాలి."

ఈ బొమ్మ లైను కాలక్షేపానికి కాదు. ప్రతి నవంబరు మొదటి శనివారం, ఫైర్ ఇంజన్లు ఉంచే మా ఫైర్ హాల్లో హొలుప్కీ విందు పెడతారు. క్యాబేజీ ఆకుల్లో మాంసం, బియ్యం చుట్టి టమాటా పులుసులో ఉడికించి ఊరంతటికీ వడ్డిస్తారు. ఆ రోజు గోడ పక్క బల్లల మీద బొమ్మ రైళ్ళవాళ్ళు తమ తమ లైన్లు పెట్టి నడుపుతారు. ఓరిన్ టీగ్ కూడా వస్తాడు. ఎనభై ఏళ్ళు వచ్చినా అవే నున్నటి బూట్లు. ప్రతి బల్ల దగ్గరా ఆగి తప్పులు చెప్పి పోతాడు.

సిరిల్ లెక్క ఏంటంటే, మిల్లు దగ్గర పక్కపక్కనే రెండు పాయింట్లు వెయ్యాలి. ఒకటి చిన్న నంబరు బిగువుది, ఒకటి పెద్ద నంబరు సాగినది. పొడుగు వ్యాగన్ ఒకటే. ముందు దాన్ని బిగువు పాయింటులోంచి వెనక్కి తొయ్యాలి, పడుతుంది. తర్వాత సాగిన పాయింటులోంచి తొయ్యాలి, హాయిగా పోతుంది. మంచు లేదు, చీపురు లేదు. ఊరంతా చూస్తుండగా, టీగ్ చూస్తుండగా. ఇరవయ్యొక్క ఏళ్ళ పేరు ఆ ఒక్క సాయంత్రంతో ఊడిపోవాలి.

అందుకే చచ్చిన కప్పదైనా ఆ నాలుగో నంబరు కుడిచేతిది కొనక తప్పలేదు. పడాల్సిన పాయింటు ఎలాగూ అదే కదా అని మనసుకి చెప్పుకున్నాడు. తలుపు మీద పెట్టి చూసుకున్నాడు, సరిగ్గా మిల్లు వైపుకే తిరిగింది. ఇక ఆరో నంబరు తెప్పించాలి. మేవిస్ ఒక కార్డు ఇచ్చింది. "ఎడమచేతిదా కుడిచేతిదా అన్నది మీరే రాసివ్వండి. నోటితో చెప్తే నేను తీసుకోను. మా ఆయన ఉన్నప్పుడు దీని మీద కొట్లాటలు జరిగాయి."

ఎడమా కుడా అంటే, పాయింటు నోటి దగ్గర నిలబడి ముందుకి చూస్తే చీలిక ఎటు పోతుందన్నది. అంతే. చిన్నపిల్లకి కూడా వస్తుంది.

సిరిల్ ఇంటికి వచ్చి తలుపు కింద దూరాడు. పాయింటుని కదిపే కడ్డీలకి, తీగలకి కన్నాలు కింద నుంచే పెట్టాలి. వెల్లకిలా పడుకుని, నోట్లో పెన్సిలు పెట్టుకుని, తలుపు అడుగున ఎక్కడ ఏది వస్తుందో గీశాడు. గీసి ఒక్కోదాని పక్కన పేరు రాశాడు. నాలుగోది అప్పటికే పైన మేకులు కొట్టి ఉంది కాబట్టి దాన్ని పట్టించుకోలేదు. ఆరోది గీసి, చీలిక ఎటు పోతోందో చూసి, "ఎడమ" అని రాశాడు.

"ఏంటి, అక్కడ పిట్టగూడు ఉందా?" అంది వెర్నా, కాఫీ పట్టుకుని వంగి చూస్తూ.

"ఆ కార్డు ఇలా పడెయ్. పడుకునే రాసేస్తాను. లేస్తే నడుం పట్టేస్తుంది."

కార్డు మీద అదే రాశాడు. ఆరు, ఎడమ. వెర్నా మర్నాడు బజారుకి వెళ్తూ మేవిస్ చేతికి ఇచ్చి వచ్చింది.

నాలుగు వారాలు పట్టింది. సరిగ్గా విందు శనివారమైతే పెట్టె గురువారం వచ్చింది. తీసి చూస్తే ఎంత అందంగా ఉందని! లోహం కప్ప, దువ్వెన ప్లాస్టిక్ కాదు. పట్టా కొసలు సూదిలా గీసి ఉన్నాయి. ఇన్నాళ్ళకి బొమ్మలు చేసేవాళ్ళల్లో ఒక మనిషి ఉన్నాడనుకున్నాడు. తీసుకెళ్ళి తలుపు మీద పెట్టాడు. చీలిక మిల్లు వైపుకి పోలేదు. తలుపు అంచు దాటి వెర్నా గాజు గిన్నెల అలమారా వైపుకి పోయింది.

ఎడమచేతిది.

ఆయన కోటు కూడా వేసుకోకుండా ట్రక్కెక్కాడు. కొట్లో నలుగురున్నారు. పెట్టెని బల్ల మీద విసిరినట్టు పెట్టాడు.

"ఏమ్మా, నీకు ఎడమ చెయ్యేదో కుడి చెయ్యేదో తెలుసా?"

మేవిస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కార్డు డబ్బాలో ఉంది సిరిల్ గారూ. తీసి చూపిస్తాను. చూద్దాం."

"నీ కార్డు నాకెందుకు? ముప్పై మూడేళ్ళు పాయింట్లు తుడిచాను నేను. చీలిక ఎటు పోతుందో నేను లెక్క చూశాను. ఊలు ఉండలు చుట్టుకునేదానివి నువ్వు నాకు చెప్తావా?"

"నేనేం చెప్పలేదు. కార్డు చూద్దామన్నాను."

"థూ!" అన్నాడు. నిజంగా ఉమ్మలేదు కానీ, ఉమ్మినంత పని చేశాడు. పెట్టె లాక్కుని వచ్చేశాడు. మేవిస్ డబ్బా మూత సగం తీసి అలాగే నిలబడిపోయిందట. ఊలు కొనడానికి వచ్చినామె కొనకుండానే వెళ్ళిపోయిందట.

ఊరుకున్నాడా? శుక్రవారం ఫైర్ హాల్లో క్యాబేజీ ఆకులు ఒలుస్తున్నవాళ్ళందరి దగ్గరా చెప్పాడు. ఎల్‌వుడ్ ఆ మాటని పట్టుకున్నాడు. సాయంత్రానికి మేవిస్‌కి "ఎడమచేతి మేవిస్" అని పేరు పడిపోయింది. ఒకతను ఆవిడ దగ్గర చెప్పిన సరుకు మానుకుని పట్నం నుంచి తెప్పించుకుంటానన్నాడు. సిరిల్ అక్కడే ఉన్నాడు, విన్నాడు. ఆకులు ఒలుచుకున్నాడు.

శనివారం వచ్చింది. హాలంతా ఉడికిన క్యాబేజీ వాసన, తడి కోట్ల వాసన. సిరిల్ తలుపు కిటికీ పక్కన పెట్టారు. రెండు పాయింట్లు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. రెండోదాని చోట ఖాళీ కంకర. పోనీ, కనీసం పడటమైనా చూపిద్దాం అనుకున్నాడు. చిన్న ఇంజన్‌ని పెట్టి, ముందు పొడుగు వ్యాగన్‌ని పెట్టి, వెనక్కి తోశాడు. వ్యాగన్ కప్ప దగ్గర పట్టా ఎక్కి ఒరిగిపోయింది. ఇంజన్ చచ్చిన కప్ప మీదికి వచ్చి ఆగిపోయింది. వేలు పెట్టి తోశాడు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది.

ఎల్‌వుడ్ బీరు గ్లాసు ఎత్తి అరిచాడు. "ఒరేయ్, రండిరోయ్! ఐదు రోజుల సిరిల్ మళ్ళీ ఊడ్వలేదురోయ్!"

ఎంత నవ్వారో చెప్పలేను. పక్క బల్లవాళ్ళు కూడా రైళ్ళు ఆపి వచ్చారు. ఒకామె తన పేపర్ నాప్కిన్ ఇచ్చి "దీంతో తుడవండి పాపం" అంది. రెండోది లేకపోతే మొదటిదాన్ని చూసి ఎవరికి ఏం అర్థమవుతుంది? పడితే పడింది అంటారు, చేసినవాడికి చేతకాలేదంటారు. అదే జరిగింది. సిరిల్ చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. నవ్వే నోళ్ళ నిండా క్యాబేజీ. ఒక్కసారిగా ఆ మనుషులు, ఆ పులుసు, ఆ తలుపు, అన్నీ అసహ్యమనిపించి, ఆయన తలొంచుకుని ఆ నాప్కిన్‌తోనే పాయింటు తుడిచాడు.

నవ్వి నవ్వి అందరూ తినడానికి పోయాక, ప్లేటు పట్టుకుని ఓరిన్ టీగ్ వచ్చాడు.

"తుడిచావా?" అన్నాడు.

"తుడిచాను."

"మళ్ళీ తొయ్యి."

తోశాడు. పడింది. టీగ్ తన ప్లేటుని తీసి వాగు మీద, అదే, తలుపు మీద పెట్టాడు. వంగి, ఒక కన్ను మూసి, పట్టా వెంట చూశాడు. వంగితే ఎముకలు చప్పుడయ్యాయి.

"ఎన్నో నంబరు?"

"నాలుగు. నిజం దాని దగ్గర ఐదు. మీరు వేయించింది."

టీగ్ మెల్లగా నిటారుగా లేచాడు. మూతి తుడుచుకున్నాడు. "స్టోరులో ఉన్నది అదొక్కటే సిరిల్. ఎనిమిది తెప్పించాలంటే నెలన్నర. మిల్లువాళ్ళు ఆగమన్నారు."

"లెక్క చూశానన్నారు కదా."

"చూశాను. చాలదని తెలిసింది." ప్లేటు తీసుకున్నాడు. "ఈసారి హొలుప్కీలో ఉప్పు తక్కువేశారు" అన్నాడు. నున్నటి బూట్లతో పక్క బల్ల దగ్గరికి పోయాడు.

అంతే. ఎవరూ వినలేదు. ప్లేటు పెట్టిన చోట వాగులో గుండ్రటి టమాటా మరక మిగిలింది.

ఎల్‌వుడ్ వచ్చి, "ఏంట్రా, అంతసేపు ఏమన్నాడు?" అన్నాడు.

"ఉప్పు తక్కువైందన్నాడు" అన్నాడు సిరిల్.

ఎందుకలా అన్నాడో వెర్నా తర్వాత అడిగింది. అందరినీ పిలిచి చెప్పొచ్చు కదా అంది. "ఏమని చెప్పను? ఇరవయ్యొక్క ఏళ్ళు నేను నెత్తి మీద పెట్టుకుని తిరిగింది, ఆయనకి ఉప్పంత కూడా కాదు. అది చెప్పనా?" అన్నాడు. ఆ నిజం వినాలని అన్నేళ్ళు ఎదురు చూశాడు. విన్నాక ఊరట కలగలేదు. నాలుగు రోజులు నిలవున్న చేప తిన్నట్టుంది నోరు.

ఆదివారం చర్చికి వెళ్ళొచ్చాక, ఇక ఈ దరిద్రాన్ని గ్యారేజీలో పడేద్దామని ఇద్దరూ కలిసి తలుపుని నిలబెట్టారు. అడుగు భాగం కిటికీ వెలుగులోకి వచ్చింది. ఆయన రాసుకున్న పెన్సిలు గీతలన్నీ కనబడ్డాయి. ఆరోదాని పక్కన "ఎడమ".

సిరిల్ అలా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి మేవిస్ దగ్గర నుంచి లాక్కొచ్చిన పెట్టె తెచ్చాడు. పాయింటు తీసి అడుగున ఆ గీతల మీద పెట్టాడు. అతికినట్టు సరిపోయింది. వెల్లకిలా పడుకుని కింద నుంచి చూసినవాడికి అది ఎడమే. పైన నిలబడ్డవాడికి కుడి.

"ఏంటి?" అంది వెర్నా.

"కింద నుంచి చూసి రాశాను."

"ఏం రాశావు?"

"కార్డు."

వెర్నాకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక నవ్వు వచ్చింది, ఆయన మొహం చూసి మింగేసింది. ఆయన తన కుడి చేతిని చూసుకుంటున్నాడు. సంతకం పెట్టిన చెయ్యి, కార్డు రాసిన చెయ్యి ఒకటే.

"కార్డు చూద్దామంది. డబ్బా మూత తీస్తోంది. నేను లెక్క చూశానన్నాను" అన్నాడు. "వెర్నా, నేను అచ్చం ఆయన మాటే అన్నాను. బూట్లు ఒక్కటే తక్కువ."

"వెళ్ళి చెప్పు మరి."

"చెప్తాను."

"నాకు కాదు. ఆవిడకి. నలుగురున్నప్పుడు చెప్పు, నలుగురి ముందే కదా తిట్టావు."

సోమవారం కొట్టు మూసి ఉంటుంది. మంగళవారం వెళ్ళాడు. ట్రక్కు ఎదురుగా ఆపి అద్దంలోంచి చూశాడు. డబ్బు తీసుకునే బల్ల మీద మేవిస్ కొత్తగా ఒక అట్ట పెట్టింది. దాని మీద తన రెండు చేతులూ ఆనించి చుట్టూ పెన్నుతో గీసుకుంది. ఒకదాని కింద ఎడమ, ఒకదాని కింద కుడి. ఎవరో కొనడానికి వచ్చి ఆ అట్టని చూపించి ఏదో అని నవ్వారు. మేవిస్ కూడా నవ్వింది. నవ్వి, వాళ్ళు తల తిప్పగానే ఆ నవ్వుని దీపం ఆర్పినట్టు ఆర్పేసింది.

ఆ నవ్వు సిరిల్‌కి తెలుసు. ఇరవయ్యొక్క ఏళ్ళు ఆయన నవ్విన నవ్వే. దిగలేకపోయాడు. బండి తిప్పుకుని వచ్చేశాడు.

ఇంటికి వచ్చి పాయింటుని కాగితం సంచిలో పెట్టి, వీధి తలుపు వెనక కోట్లు తగిలించే మేకుకి తగిలించాడు. బయటికి వెళ్ళేటప్పుడు కళ్ళ బడాలని. కళ్ళ బడేది. ప్రతిసారీ "రేపు" అనేవాడు. క్రిస్మస్ ముందు జనం ఎక్కువుంటారు అన్నాడు. క్రిస్మస్ అయ్యాక జనం ఉండరు, నలుగురి ముందు చెప్పాలి కదా అన్నాడు. వెర్నా ఒకసారి "నేనిచ్చి రానా?" అంటే, ఆమె మీద ఎప్పుడూ లేనంతగా అరిచాడు. "కార్డు కూడా నీ చేతే పంపాను. ఇది కూడానా?" అన్నాడు. ఎల్‌వుడ్ బార్లో "ఎడమచేతి మేవిస్" అంటే మాత్రం ఒకరోజు గ్లాసు దించి, "ఆ మాట ఇంకోసారి అన్నావంటే పళ్ళు రాలగొడతాను" అన్నాడు. ఎల్‌వుడ్‌కి ఏమీ అర్థం కాలేదు. మొదలెట్టింది నువ్వే కదరా అన్నాడు. సిరిల్ లేచి వచ్చేశాడు. ఇంటికి వచ్చి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడని వెర్నా చెప్పింది.

జనవరి చివర్లో మాత్రం ఒక రాత్రి భోజనం దగ్గర గట్టిగా అనేశాడు. "బుధవారం. పొద్దున పదింటికి ఊలు ఆడవాళ్ళందరూ వస్తారు. అప్పుడు వెళ్తాను." ఆ పూట రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నాడు.

మంగళవారం రాత్రంతా మంచు పడింది. బుధవారం పొద్దున్నే లేచి, వద్దు ఆగు అని వెర్నా అంటున్నా వినకుండా, ట్రక్కు తియ్యాలి కదా అని చీపురు, పార పట్టుకుని వెళ్ళాడు. తొమ్మిదిన్నరకి వెర్నా కిటికీలోంచి చూస్తే, చీపురు కర్ర పట్టుకునే కూలబడి ఉన్నాడు. అంబులెన్సు వచ్చేసరికే పోయాడు.

శవపేటిక మోసినవాళ్ళల్లో ఎల్‌వుడ్ ఒకడు. ఆ రోజు ఆ ఇంటి ముందు నిలబడి, "చూడండ్రా" అన్నాడు. మెట్ల దగ్గర నుంచి ట్రక్కు చక్రం దాకా నేల కనబడేలా ఊడ్చి ఉంది. అంచులు గీత గీసినట్టున్నాయి. మధ్యలో ఎక్కడా ఒక్క పలుకు మంచు లేదు. "వాడెప్పుడూ ఊడ్చే ఉంటాడు" అన్నాడు ఎల్‌వుడ్. ఇరవయ్యొక్క ఏళ్ళు ఆలస్యంగా, వినాల్సినవాడు లేకుండా అన్నాడు. మేవిస్ కూడా వచ్చింది. చర్చిలో వెనక వరసలో కూర్చుని, అంతా అయ్యాక ముందుకొచ్చి వెర్నా చెయ్యి పట్టుకుని, సిరిల్ గారు నికార్సైన మనిషి అని చెప్పి వెళ్ళిపోయింది. సంచి సంగతి వెర్నా చెప్పబోయింది. ఇది కూడా నీ చేతేనా అని ఆయన అరిచిన అరుపు గుర్తొచ్చి ఆగిపోయింది.

సంచి ఇంకా ఆ మేకుకే ఉంది. దాని మీద సిరిల్ పెన్సిలుతో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన మాట ఉంది: "మేవిస్‌కి. నలుగురున్నప్పుడు ఇవ్వాలి."